మామగారి భుజం

“అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు.”

కోడలి చేతిలో గిన్నె జారబోయి నిలిచింది. పిలిచింది పక్కింటి పెద్దమనిషి కాదు, కింద కొట్టుకు వచ్చిన బేరమూ కాదు. కట్టుకున్న మొగుడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ “ఒసేయ్” అనో, “వింటున్నావా” అనో తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి, కుర్చీలో వెనక్కి వాలి, సగం మూసిన కళ్ళతో తీరిగ్గా అన్నాడా మాట.

ఆ పిలుపు మామగారిది. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

“నన్నేమని పిలిచారు?” అంది కోడలు.

“ఎప్పుడూ పిలిచినట్టే పిలిచాను. ఏం, కొత్తగా వినపడిందా?”

అతను కుడి అరచేతిని ఎడమ మోచేతి కింద పెట్టుకుని కూర్చున్నాడు, జారిపోయే మూటను ఎత్తి పట్టుకున్నట్టు. ఎడమ భుజం కాస్త కిందికి దిగి ఉంది. మామగారు అచ్చం అలాగే కూర్చునేవాడు. నడిచినా అలాగే, నలుగురిలో నిలబడినా అలాగే.

వంటింట్లోంచి అత్తగారు వచ్చింది. కోడలి వైపు చూడనైనా లేదు. రెండు చేతుల మధ్యా టీ కప్పు పట్టుకుంది, అంచు మీద పెచ్చు లేచిన నీలం కప్పు. మామగారు పోయాక దాన్ని అలమర పై అరలో పెట్టి, ఒక్కర్ని ముట్టుకోనిస్తే ఒట్టు. ఇవాళ ఆ మహాతల్లే దాన్ని కడిగి, నిండా టీ పోసి తెచ్చి కొడుకు ముందు పెట్టింది.

అతను ఓ గుక్క తాగి, “ఊఁ, బావుంది బావుంది,” అంటూ కుర్చీ చేతి మీద రెండుసార్లు తట్టాడు.

అత్తగారి ముఖం విచ్చుకుంది. కోడలు గిన్నె పక్కన పెట్టేసింది.

“కప్పు కింద పెట్టండి,” అంది మొగుడితో. “నిన్న నాకేం మాటిచ్చారు?”

“ఏమిచ్చాను?”

“పొద్దున్నే కిందికెళ్ళి ఆ మంచాన్ని ఆపేస్తానన్నారు. దాన్లో ఉన్న చేతుల్ని తుడిచేస్తానన్నారు. నా తల మీద చెయ్యేసి మరీ చెప్పారు. తెల్లారేసరికి మర్చిపోయారా?”

అతను జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం వేరు, చెప్పడానికి లోపల ఏమీ లేకపోవడం వేరు. అతని కళ్ళల్లో కనిపించింది ఆ రెండోది. ఆమె అడుగుతున్న నిన్న అనేది అతని దగ్గర లేనే లేదు.

“పొద్దున్నే ఏమిటే నీ రాద్ధాంతం?” అంది అత్తగారు. “వాణ్ణి టీ అయినా తాగనివ్వవా?”

“ఆ కప్పులో తాగనివ్వను అత్తయ్యా.”

“కప్పులో ఏముందే?”

“ఏముందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.”

కింద కొట్టు తలుపు ముందు ఎవరో దగ్గారు. ఆ దగ్గు కూడా మామగారిదిలాగే అనిపించి, కోడలు తాళాల గుత్తి తీసుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

*

ఆ ఇంటి కింది భాగమంతా మాలీషు కొట్టు. వీధిలో అందరికీ అత్తగారు చేతులమ్మ. నడుం పట్టేసినా, మెడ తిరగనని మొండికేసినా, పిక్క బిగుసుకుపోయినా ఒకప్పుడు ఆవిడ చేతులే దిక్కు. కొట్లో ఒక చెక్కబల్ల, ఒక నూనె గిన్నె, ఆవిడ రెండు చేతులు. అంతే సరంజామా.

తర్వాత మామగారు ఒక్కొక్కటే మోసుకురావడం మొదలెట్టాడు. ముందు చక్రాల కర్ర వచ్చింది, వీపు మీద దొర్లించేది. “పిండి ఒత్తినట్టు మనుషుల్ని ఒత్తుతారా?” అని నవ్వింది చేతులమ్మ. ఆ తర్వాత పిడి తిప్పితే రబ్బరు మూతి టకటకా కొట్టుకునే ఇనప మిషను. “వడ్రంగిపిట్టను పట్టుకొచ్చారా?” అంది. ఆపైన కరెంటుది, డుర్రుమని నోట్లో పళ్ళు కూడా కదిలించేది. నడుముకు పటకా తగిలించి ఊపేసేది ఒకటి. వీపు వెనకాల గుండ్రటి చెక్కలు పైకీ కిందికీ తిరిగే కుర్చీ ఒకటి. ప్రతిదానికీ ఆవిడ ఓ పేరు పెట్టింది, కొన్నాళ్ళు అలిగింది, చివరికి కొట్లో చోటిచ్చింది. ఇప్పుడవన్నీ గోడవారన వరసగా నిలబడి ఉన్నాయి, పని పోయిన నౌకర్లలాగా.

“మిషను అరిగితే ఇంకోటి తెస్తాను. నీ చేతులరిగితే ఎక్కణ్ణుంచి తేనే?” అనేవాడు మామగారు. ఆయన భయం ఊరికే పోలేదు. చేతులమ్మ బొటనవేళ్ళు వంకర తిరిగాయి. జడ వేసుకోవడానికి కోడల్ని పిలవాల్సి వచ్చింది.

అప్పుడు కొడుకు చేశాడు ఆ మంచాన్ని. వీధిలో అతని పేరు స్క్రూడ్రైవరు, చెవి మీద ఎప్పుడూ అదే ఉంటుంది గనక. పాత మిషన్లకు చేతులు లేవు, వాటికి తోచినట్టు అవి కొట్టుకునేవి. ఈ మంచానికి రెండు చేతులున్నాయి. రబ్బరు అరచేతులు, వాటిలో వెచ్చదనం. తల్లి చేతులకు తీగల తొడుగులు తొడిగి, ఆవిడ ఎక్కడ ఎంత బలంగా నొక్కుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తప్పుకుంటుందో అంతా మంచానికి నేర్పాడు.

నేర్పడానికి ఒక ఒళ్ళు కావాలి కదా. అప్పటికే మామగారు జబ్బుపడి ఉన్నాడు. రోజూ ఎలాగూ ఆయన ఒళ్ళు పట్టాలి. “ఇంట్లో ఒళ్ళుండగా ఇంకెవర్నో బతిమాలడం దేనికి?” అనుకున్నారు తల్లీకొడుకులు. నెలల తరబడి ఆయన ఒక్కడి మీదే నేర్పారు. తొడుగులు విప్పిన కొన్నాళ్ళకే ఆయన పోయాడు.

మంచం నేర్చుకున్నది చేతుల్ని మాత్రమే కాదు. ఆ చేతులు ఏ ఒంటి కోసం అలా కదిలాయో, ఆ ఒంటిని కూడా. ఈ సంగతి ముందుగా పసిగట్టింది కోడలు. మంచమెక్కడానికి జంకే ఆడవాళ్ళకి చెక్కబల్ల మీద ఇంకా చేత్తో పట్టేది ఆమె ఒక్కతే మరి. మొగుడు కొత్తగా ఏది సరిచేసినా ముందు తనే మంచమెక్కి చూసుకునేవాడు. రోజుకోసారి ఎక్కేవాడల్లా, రెండుసార్లు, మూడుసార్లు ఎక్కాడు. ఎక్కిన ప్రతిసారీ ఆమె మొగుడుగా ఉండటం కాస్త తగ్గించుకుని దిగాడు.

*

దగ్గింది టైలరు. వంగి వంగి కుట్టడంతో మెడ పట్టేసి, ఈ మధ్య రోజూ పొద్దున్నే వస్తున్నాడు.

“ఇవాళ మంచం పనిచెయ్యదన్నయ్యా,” అంది కోడలు తలుపు తీస్తూనే.

“భలేదానివే చెల్లెమ్మా, ఆశపెట్టి ఇప్పుడంటే ఎట్లా?” అంటూ ఆయన తిన్నగా లోపలి గదిలోకి నడిచి, చొక్కా విప్పి, బోర్లా పడుకుని, తనే బొత్తాం నొక్కేశాడు. కోడలు నోరు తెరిచే లోపు చేతులు రెండూ కిందికి దిగాయి.

దిగి, వెంటనే నొక్కలేదు. వీపు మీద ఊరికే కాసేపు ఆనుకుని ఉన్నాయి. చేతులమ్మ కూడా అంతే. “ముందు ఒళ్ళు ఏమంటుందో విను, తర్వాత నువ్వు మాట్లాడు,” అని కోడలికి నేర్పింది. ఆ రబ్బరు చేతులూ అలాగే వింటున్నాయి. ఏం వింటున్నాయి? ఎవరి మాట?

చేతులు మెడ దగ్గర మొదలై, వెన్ను పక్కగా దిగి, నడుం చుట్టి, మళ్ళీ పైకొచ్చాయి. ఎడమ భుజం దగ్గరికి రాగానే బొటనవేలు పైకి లేచింది. నిద్రపోతున్న పసిపిల్లను తప్పించుకుని నడిచినట్టు ఆ చోటు చుట్టూ తిరిగి అవతలికి పోయింది. టైలరు భుజానికి ఏ రోగమూ లేదు. అయినా తప్పుకుంది.

లేచి కూర్చున్నాక టైలరు కుడి అరచెయ్యి దానంతటదే వెళ్ళి ఎడమ మోచేతి కింద చేరింది. “ఊఁ, బావుంది బావుంది,” అన్నాడు. మంచం అంచు మీద రెండుసార్లు తట్టాడు.

“మెడ నొప్పని కదా వచ్చారు. భుజానికేమైంది?” అంది కోడలు.

“ఇదా? ఇది ఎప్పట్నుంచో ఉన్నదే కదమ్మా.”

“ఎప్పట్నుంచి?”

“అప్పుడు పడ్డాను కదూ.”

“ఎక్కడ పడ్డారు?”

టైలరు ఆలోచించాడు. “మెత్తటి మట్టి... చుట్టూ జనం, ఒకటే కేకలు. వాడు నా మీద పడ్డాడు. భుజం పటుక్కుమంది.” అంటూ ఆగిపోయి, బిత్తరపోయి చూశాడు. “నేనెప్పుడు పడ్డాను చెప్మా? మా అమ్మ నన్ను చెట్టు కూడా ఎక్కనిచ్చేది కాదే!”

నవ్వబోయాడు, నవ్వు రాలేదు. చొక్కా తొడుక్కోవడం కూడా మర్చిపోయి ముందు గదిలో బెంచీ మీద కూలబడ్డాడు. అప్పటికే అక్కడ బడి మేష్టారు, ఐసు కొట్టాయన వచ్చి కూర్చుని ఉన్నారు. ఇద్దరి కుడిచేతులూ ఎడమ మోచేతుల కిందే ఉన్నాయి. ఇద్దరూ ఒకేసారి తలెత్తి, ఒకే నెమ్మదితో, “ఏం అమ్మాయ్, బావున్నావా?” అన్నారు.

కోడలు లోపలికి పరుగెత్తి మంచం తీగను గోడలోంచి ఊడబెరికింది.

*

“ఎందుకు పీకావే?”

అత్తగారు ముందు గదిలో, వీధి కిటికీ పక్కన తన పీట మీద కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో. ఈ మధ్య పొద్దస్తమానం అక్కడే ఆవిడ కాపురం.

“ఎందుకా? ఒకసారి బయటికి చూడండి.”

“చూస్తూనే ఉన్నానుగా,” అంది అత్తగారు.

వీధిలో జనం ఎవరి పనుల మీద వాళ్ళు పోతున్నారు. కూరల సంచీతో ఒకాయన, సైకిలు నడిపించుకుంటూ ఒకాయన, గొడుగుతో ఒకావిడ. ముగ్గురి ఎడమ భుజాలూ కిందికి దిగి ఉన్నాయి. ముగ్గురూ మలుపు దగ్గర ఒకే చోట ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ నడిచారు. సాయంత్రం నడకకు వెళ్ళి వచ్చేటప్పుడు మామగారు ఆగే చోటది.

“ఆయన నడుస్తున్నాడే,” అంది అత్తగారు నెమ్మదిగా. “ఒకడి వెనకాల ఒకడుగా పొద్దుణ్ణించీ ఆయనే నడుస్తున్నాడు. నేనిక్కడ కూర్చుని చూసుకుంటున్నాను. నీదేం పోయింది?”

“నాదేం పోయిందా?” కోడలికి దుఃఖం ఒక్కసారిగా తన్నుకొచ్చింది. “మీ మొగుడు వీధంతా ఉన్నాడు, బానే ఉంది. నా మొగుడేడీ అత్తయ్యా? నా మొగుణ్ణి చూపించండి, నోరు మూసుకుంటాను.”

“పైన కూర్చుని టీ తాగుతున్నాడుగా.”

“ఆయన కాదు. పొద్దున మంచినీళ్ళడిగినాయన నన్ను కోడల్లా చూశాడు. పెళ్ళాన్ని చూసినట్టు చూడలేదు. మీరూ ఆడవాళ్ళేగా, ఆ చూపులో తేడా మీకు నేను చెప్పాలా?”

అత్తగారు వంకర తిరిగిన బొటనవేళ్ళను ఒకదానితో ఒకటి రాసుకుంది.

“మధ్యాహ్నాలు నువ్వు కునుకు తీసేటప్పుడు నేనూ పడుకుంటాను ఆ మంచం మీద,” అంది. “ఆయన ఒళ్ళు ఎట్లా నొచ్చేదో తెలుస్తుంది. ఆయన పక్కన కూర్చున్నట్టుంటుంది. తుడిచేస్తే మళ్ళీ చచ్చిపోతాడే. ఇంకోసారి పంపించడం నా వల్ల కాదు.”

ఏం చెప్పను, కోడలికి ఆవిడ మీద జాలీ కలిగింది, పీక పిసకాలన్నంత కోపమూ కలిగింది. రెంటిలో ఏదో ఒకటి నోటికి వచ్చేదే. అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

అతను దిగి వస్తున్నాడు. మోచేయి పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ. ముందు గదిలోకి వచ్చి, బెంచీ మీద వాళ్ళను దాటి, కోడల్ని దాటి, తిన్నగా తల్లి పీట ముందు నిలబడ్డాడు. వంగి ఆవిడ చేతుల వైపు చూశాడు.

“ఏమే గుప్పెడూ,” అన్నాడు. “వేళ్ళు పాడుచేసుకున్నావే.”

గొంతు మామగారిది కాదు. బొంగురుగా, గుండెల అడుగునుంచి వచ్చింది. కోడలు ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

అత్తగారు ఎప్పుడో విన్నట్టుంది. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పీట మీద నుంచి లేవబోయి, లేవలేక, గోడ పట్టుకుంది. “వీణ్ణి లోపలికి తీసుకుపో,” అంది కోడలితో. “తొందరగా తీసుకుపోవే!”

*

లోపలి గదిలో చెక్కబల్ల మీద అతన్ని బోర్లా పడుకోబెట్టారు. చెప్పినట్టల్లా విన్నాడు, పసిపిల్లాడిలా. పడుకోగానే కళ్ళు మూసుకున్నాడు.

“ఎవరా గుప్పెడు?” అంది కోడలు.

“నేనే.”

“మామయ్య అలా పిలిచేవారా?”

“మీ మామయ్యకు ఆ పేరే తెలీదు. నేనెప్పుడూ చెప్పలేదు.” అత్తగారు తలుపుకు ఆనుకుని నిలబడింది. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. “నాకు ఈ పని నేర్పిన వస్తాదు పిలిచేవాడు. గుప్పెడంత పిల్లవి, గుప్పెడూ అనేవాడు. కుస్తీలో ఎవడో మీద పడి ఆయన ఎడమ భుజం నుజ్జయిపోయింది. అయినా తన ఒంటి మీదే నేర్పాడు నాకు. ఆ భుజం దగ్గరికొస్తే చాలు, కేకపెట్టేవాడు. నేను వేలెత్తి తప్పుకోవడం అలవాటు చేసుకున్నాను. నా పెళ్ళికి ముందే పోయాడు.”

మెత్తటి మట్టి, చుట్టూ జనం, ఒకటే కేకలు. టైలరు చెప్పిన మాటలు కోడలి చెవుల్లో గింగురుమన్నాయి.

“మరి మామయ్య భుజం?”

“పెళ్ళినాడు ఆయన భుజానికి ఏమీ లేదే,” అంది అత్తగారు. “ఆ ఎడంచేత్తోనే నా పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు ఈ ఇంటికి. కొన్నేళ్ళు నా చేతికింద పడుకున్నాక మొదలైంది నొప్పి. చలిగాలి అన్నారు, వయసన్నారు. నేనూ అదే అనుకున్నాను.” ఆవిడ తన చేతుల్ని చూసుకుంది, ఎవరివో చూస్తున్నట్టు. “నేనే పెట్టానే ఆయనకు ఆ నొప్పిని. ప్రేమగా, రోజూ, నూనె రాసి మరీ పెట్టాను. నొప్పి లేనిచోట నొప్పి ఉన్నట్టు వేలెత్తాను. ఆ భుజం నన్ను నమ్మింది.”

కోడలు బల్ల మీది మొగుడి ఎడమ భుజం వైపు చూసింది.

“వస్తాదుకు మాత్రం ఎవరు నేర్పారో, ఆయన ఎవరి ఒంటి మీద నేర్చుకున్నాడో,” అంది అత్తగారు మళ్ళీ. “చక్రాల కర్రకు ఇవేం తెలీదు. డుర్రుమనేదానికీ తెలీదు. వెక్కిరించాను వాటిని. వాటి పుణ్యాన ఇన్నాళ్ళూ వీధి బాగుంది. చేతుల్తో అయితే ఒక్క మనిషికి అంటించడానికి నాకు ఏళ్ళకేళ్ళు పట్టింది. నా చేతుల్ని ఆ మంచానికి తగిలించాక, చూశావుగా.”

“తీగ పీకేశాను కదత్తయ్యా.”

“తీగ పీకితే ఒంట్లోకి పోయింది బయటికొస్తుందా?”

బల్ల మీద అతను కదిలాడు. నిద్రలోనే కుడిచెయ్యి ఎడమ మోచేతిని వెతుక్కుంటోంది. పెదవులు ఏదో గొణిగాయి, ఏ గొంతుతోనో తెలియలేదు. ఇంకాసేపు ఊరుకుంటే ఈ మనిషి అడుగంటా మునిగిపోతాడని కోడలికి అర్థమైంది. నూనె గిన్నె అందుకుంది. అరచేతుల్లో పోసుకుని గబగబా రాసుకుంది.

“ఏం చేస్తున్నావే?”

“చేతుల్తో పోయింది చేతుల్తోనే తీస్తాను.”

అత్తగారు ఒక్క ఉదుటున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ వంకర వేళ్ళల్లో అంత బలం ఉందని కోడలికి తెలియదు.

“వద్దు. నీ చేతులు నేను నేర్పినవే.”

కోడలు మాట వినలేదు. మణికట్టు విడిపించుకుని మొగుడి వీపు మీద చెయ్యి ఆనించింది. కాసేపు ఆగింది. మెడ నుంచి దిగింది, నడుం చుట్టి పైకొచ్చింది. ఎడమ భుజం మీద బొటనవేలు ఆనించాలని మనసారా అనుకుంది. వేలు లేచింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ లేచింది. ఆ వేలు ఆమెదే, గోరు ఆమెదే, ఆ గోరు పక్కన కూర తరుగుతుంటే తెగిన గాటు కూడా ఆమెదే. అయినా మాట వినలేదు.

ఏడుపొచ్చింది. ఎన్నేళ్ళుగానో ఈ వేళ్ళను చూసుకుని మురిసిపోయింది, అత్తగారి వారసత్వమని. ఎంతమంది ఆడవాళ్ళ వీపులు పట్టిందో గుర్తు చేసుకోబోయి, భయపడి ఆ ఆలోచన మానేసింది.

“చెప్పాను కదే,” అంది అత్తగారు. ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు.

కోడలు కొంగుతో నూనె తుడుచుకుంది. బల్ల ఎక్కింది. మోకాళ్ళ మీద నిలబడి, చెయ్యి మడిచి, మోచేతి మొనను అతని ఎడమ భుజం మీద పెట్టింది. ఆ ఇంట్లో మోచేతికి ఎవరూ ఏమీ నేర్పలేదు. మోటుపని అని చేతులమ్మ దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ మోచెయ్యి దేనికీ తప్పుకోలేదు. ఒంటి బరువంతా దాని మీద వేసి నొక్కింది.

అతను చప్పుడు చెయ్యలేదు.

అరుపు ముందు గదిలోంచి వచ్చింది. టైలరు, మేష్టారు, ఐసు కొట్టాయన ఒక్క నోటితో, ఒక్క గొంతుతో అరిచారు. బెంచీ తిరగబడిన చప్పుడైంది. బయట వీధిలో ఇంకెవరో కేకపెట్టారు. సైకిలు పడిపోయింది. తలుపు దగ్గర అత్తగారు భుజం పట్టుకుని నేల మీదికి జారిపోయింది.

కోడలు హడలిపోయి మోచెయ్యి తీసేసింది.

“ఏంటే, ఏనుగులా ఎక్కి కూర్చున్నావు?” అన్నాడు కింది నుంచి మొగుడు. “దిగవే బాబూ, పక్కటెముకలు పిండైపోతున్నాయి.”

మెడ తిప్పి చూశాడు. ఆ చూపు అతనిదే. కొంటెగా, కాస్త ఓరగా, పెళ్ళాన్ని చూసే చూపు. ఎన్ని రోజులకు చూసిందో! ఆమె అతని ముఖాన్ని రెండు చేతుల్తో పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

“ఏమైందే? ఎవరా అరుస్తున్నది? అమ్మ ఏదీ? నువ్వెందుకు...”

మాట సగంలో మెత్తబడింది. కళ్ళు వాలిపోసాగాయి. కుడిచెయ్యి మెల్లగా పాకుతూ ఎడమ మోచేతి కిందికి పోతోంది.

“వద్దు, వద్దు, నన్ను చూడండి, ఇటు చూడండి!” అని కోడలు అతని చెంపల మీద కొట్టింది. వినపడుతున్నట్టు లేదు.

ముందు గదిలో మూలుగులు. “చేతులమ్మా, ప్రాణాలు పోతున్నాయి! లోపల ఏం చేస్తున్నారమ్మా?” అని టైలరు తలుపు బాదుతున్నాడు.

కోడలు అత్తగారి వైపు చూసింది. మళ్ళీ నొక్కితే తన మనిషి వస్తాడు. నొక్కితే బయట ఉన్నవాళ్ళు ఏమవుతారో, తలుపు దగ్గర కూలబడిన ఈ ముసలిప్రాణం ఏమవుతుందో తెలియదు. మోచెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

అత్తగారు భుజం పట్టుకునే పాకి వెళ్ళి, తలుపు గడియ వేసింది. దానికి వీపు ఆనించి కూర్చుంది. కళ్ళ వెంట ధారలు కారుతున్నాయి. లోపలి గది కిటికీలోంచి కూడా వీధి కనపడుతుంది కానీ, ఆవిడ అటు చూడలేదు.

“పోయినాయన్ని పోనీవే,” అంది. “నా బిడ్డను నాకు తీసుకురా. ఈసారి నేనరిచినా ఆపకు.”

కోడలు మోచేతిని మొగుడి భుజం మీద మళ్ళీ ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒళ్ళంతా బరువు చేసింది.